ధరల తెర ముందు నేనూ, మా వదినా

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. యానాం మార్కెట్టు పక్క వీధిలో నేనూ, మా వదినా కలిసి భోజనాల మెస్సు నడిపేవాళ్లం. వదినంటే మా ఆయన అక్క. వంటంతా నాది. చేపలు తేవడం, వచ్చినవాళ్లతో మాట్లాడటం ఆవిడది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, ఆటోలవాళ్లు, బదిలీ మీద వచ్చి ఒంటరిగా ఉండే మేష్టార్లు మా దగ్గర తినేవారు.

ఒకసారి హైదరాబాద్ నుంచి ఓ అమ్మాయి వచ్చి వరసగా మూడు రోజులు మా దగ్గరే భోంచేసింది. పాతికేళ్లుంటాయేమో. భుజాన నల్ల సంచి, అందులో లాప్‌టాప్. మూడో రోజు చెయ్యి కడుక్కొచ్చి నా దగ్గర నిలబడింది.

"ఆంటీ, మీతో చిన్న పనుంది. ఏ ఊళ్లో ఏ కూరగాయ ఎంతో, పప్పులెంతో, చేపలెంతో కంప్యూటర్లో కనబడేలా మేమొకటి తయారు చేస్తున్నాం. మీరు రోజూ కొంటారు కదా. దాన్ని వాడి చూసి ఎలా ఉందో చెప్పాలి."

"చాలా బాగుందమ్మా," అన్నాను.

"మీరింకా చూడలేదాంటీ."

నిజమే. కానీ ఆడపిల్ల అంత దూరం నుంచి వచ్చి అడుగుతుంటే బాగుందనక ఇంకేమంటాను? మర్నాడు భోజనాలయ్యాక కూర్చుంటానని ఒప్పుకున్నాను.

ఒప్పుకున్న దగ్గర్నుంచీ గుబులే. నేను మెట్టకూరు బళ్లో ఎనిమిది దాకా చదివాను. ఆ తర్వాత పరీక్షన్నది ఎరగను. ఇది కచ్చితంగా పరీక్షే అనిపించింది. నేను తప్పితే ఆ పిల్ల ఉద్యోగానికేమైనా ముప్పొస్తుందేమోనని కూడా అనిపించింది. సాయంత్రం వదినకి చెప్పకుండా బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్లి, అక్కడ కూర్చునే ఆవిణ్ణి బతిమాలాను. ఆవిడ నా చేత మౌస్ పట్టించి, పేకముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చే ఆట ఆడించింది. గంటసేపు ఎర్ర ముక్క మీద నల్ల ముక్క పెట్టి, కాస్త ధైర్యం తెచ్చుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు ఆ అమ్మాయి లాప్‌టాప్ మా బల్ల మీద పెట్టి తెరిచింది. చూస్తే దానికి మౌసే లేదు! వేలితో రుద్దే చిన్న పలక లాంటిది ఉందంతే. నా చదువంతా అక్కడికక్కడే గోదాట్లో కలిసింది.

"ఆంటీ, పరీక్ష మీకు కాదు, దీనికి. మీకు తెలియకపోతే తప్పు దీనిదే. మీ మనసులో ఏదొస్తే అది పైకి అనేయండి," అంది.

నాకు బోధపడలేదు. తెలియనిది నాకైతే తప్పు దానిదెలా అవుతుంది? అయినా సరేనన్నాను. కాసేపటికి మనసులో వచ్చిందే పైకి అన్నాను కూడా. "గ్యాస్ అయిపోవచ్చింది. రేపటికి వస్తుందో రాదో." ఆ పిల్ల నవ్వాపుకుని, "దీని గురించి ఆంటీ," అంది.

ముందు మా ఊరు ఎంచుకుని, కిందటి నెలలో ఉల్లిపాయల ధర ఎలా ఉందో చూడమంది. అక్షరాలు తెలుగులోనే ఉన్నాయి, అదొక్కటి నయం. రాష్ట్రం అని ఉన్నచోట నొక్కితే పేర్లు బారుగా కిందికి దిగాయి. పాండిచ్చేరి నొక్కాను. అందులో యానాం కనబడింది. హమ్మయ్య అనుకుని దాన్ని నొక్కితే, ధరా లేదు, పాడూ లేదు. ఖాళీగా ఉన్న తెర మీద 'వివరాలు లేవు' అని ఒక్క ముక్క.

"ఇప్పుడేం చెయ్యాలమ్మా?"

"మీకేం చెయ్యాలనిపిస్తోంది ఆంటీ?"

"నిన్నడగాలనిపిస్తోంది."

చెప్పలేదు. పుస్తకంలో ఏదో రాసుకుంది. నేనేమడిగినా ఇంతే, ఎదురు ప్రశ్నే. మా వైపు ఎవరైనా దారి అడిగితే సందు చివరి దాకా తీసుకెళ్లి చూపించి వస్తాం. ఇంత చదువుకున్న పిల్ల, పక్కనే కూర్చుని, ఒక్క మాట సాయం చెయ్యదేం? ఒకవేళ తనకీ తెలియదేమో, పైవాళ్లు తిడతారని పైకి చెప్పుకోలేకపోతోందేమో అనుకున్నాను. జాలేసింది. "పర్లేదమ్మా, ఇద్దరం కలిసి వెతుకుదాం," అని నేనే ధైర్యం చెప్పాను.

ఎలాగూ మా ఉల్లిపాయలు కాకినాడ నుంచే వస్తాయి కదాని మళ్లీ మొదటికొచ్చి ఆంధ్రప్రదేశ్, తూర్పు గోదావరి, కాకినాడ నొక్కాను. అప్పుడు ధర ఏ రోజు ఎక్కిందో, ఏ రోజు దిగిందో చూపించే గీత వచ్చింది.

"మేముండేది పాండిచ్చేరి కింద, తినేది ఆంధ్రా కూరలు. మరి మేం ఎక్కడ చూసుకోవాలమ్మా?" అన్నాను.

మా ఊళ్లో చిన్నపిల్లలక్కూడా తెలిసిన సంగతి ఇది. ఆ అమ్మాయి మాత్రం అదేదో కొత్త విషయమన్నట్టు పేజీ నిండా రాసింది.

గీత మీద చుక్కలున్నాయి. చుక్క దగ్గరికి బాణం తీసుకెళ్తే చిన్న గడి తెరుచుకుని ధర కనబడుతుంది. చదువుదామని ముందుకి వంగితే నా వేలు రవంత కదిలి గడి మాయం. నాలుగు సార్లు అలాగే అయింది. ఐదోసారి చిక్కింది కానీ ధర క్వింటాలుకి ఉంది. నేను కొనేది ఐదు కిలోలు. ఏదో పాడు చేశానన్న భయంతో చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

"గీత పైకెళ్తే మంచిదా, చెడ్డదా ఆంటీ?"

"అమ్మేవాణ్ణడిగితే మంచిది. నన్నడిగితే చెడ్డది," అన్నాను. అది కూడా రాసుకుంది.

అప్పటిదాకా వెల్లుల్లి ఒలుస్తూ వింటున్న మా వదిన లేచొచ్చింది. "చేపలు చూడవే," అంది. చేపలు నొక్కాను. ఒకే ఒక్క గీత.

"ఏం చేపలివి?" అంది వదిన.

"అన్నీ కలిపి సగటు ఆంటీ."

"అంత ఖరీదు పండుగొప్పనీ, చవక కట్టిపరిగెనీ ఒకే పోగులో వేస్తారా ఎక్కడైనా? పోనీ చీరమీను ఎందులో కలిపారు?"

ఆ అమ్మాయికి చీరమీనంటే తెలియదు. దసరా దాటాక కొన్నాళ్లే ఏట్లో దొరికే చేప పిల్లలని, దారప్పోగుల్లా ఉంటాయని, గ్లాసుతో కొలిచి అమ్ముతారని వదిన చెప్పింది. "కిలో ఎంతని అడిగితే అమ్మేది నవ్విపోతుంది. పొద్దున ఏటి ఒడ్డున ఒక ధర, ఎండెక్కితే ఇంకో ధర. నీ గీత ఏ ధర పట్టిందమ్మా?"

ఆ అమ్మాయి కలం ఆగిపోయింది. వదిన మరీ గట్టిగా అందేమోనని నాకు కంగారు. కానీ వెళ్లేటప్పుడు మా ఇద్దరి చేతులూ పట్టుకుని, ఎంతో సాయం చేశామని చెప్పి, ఒక స్టీలు క్యారేజీ ఇచ్చి వెళ్లింది. నాకొక్కటీ చేతకాలేదు, వదిన దెబ్బలాడింది. దానికి బహుమతేంటో ఎంత ఆలోచించినా తెలియలేదు.

కొన్ని నెలలకి ఆ అమ్మాయే మళ్లీ వచ్చింది. తెర మారింది. యానాం నొక్కితే ఖాళీ రాకుండా, దగ్గర మార్కెట్టు కాకినాడ అని చెప్పి అక్కడి ధర చూపిస్తోంది. గడి తెరుచుకుంటే మనం మూసేదాకా ఉంటోంది. ధర కిలోకి ఉంది. ఉల్లిపాయలు ఎవర్నీ అడక్కుండా పట్టేశాను. చిన్నపిల్లలా సంబరపడ్డాను.

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి తెరంతా వెతికింది. "చేపలేవీ?"

"తీసేశాం ఆంటీ. మీరు చెప్పింది నిజమే. ఆ సగటు ఎవరికీ పనికిరాదని మావాళ్లు కూడా ఒప్పుకున్నారు."

"నేను విడదీసి పెట్టమన్నాను గానీ తీసెయ్యమన్నానా?"

"విడదీసి రోజూ ధర తెచ్చేవాళ్లు లేరాంటీ. తప్పు ధర చూపించడం కన్నా..."

"అసలు లేకుండా చేస్తే యానాంలో చేపలే దొరకవనుకోరూ, చూసినవాళ్లు?"

ఆ అమ్మాయి పుస్తకం తెరిచింది, ఏమీ రాయకుండానే మూసేసింది. వదిన కోపంగానే ఆకేసి, ఆ పూట వండిన చేపల పులుసు రెండు సార్లు వడ్డించింది. భోంచేసి, కాకినాడ బస్సుకి టైమైందని ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

"ఇంతకీ మన మాట విన్నట్టా, విననట్టా?" అంది వదిన.

విన్నట్టే అన్నాను. గిన్నెలన్నీ తోమాక, విననట్టేనేమో అన్నాను.

ఆ పిల్ల మళ్లీ రాలేదు. చేపలు తిరిగి తెర మీదకి ఎక్కాయో లేదో మాకు తెలియదు. "కంప్యూటర్లోంచి చేపల్ని తీయించింది నేనే" అని వదిన మార్కెట్లో ఒకావిడకి గొప్పగా చెప్పింది, వారం తిరక్కుండా ఇంకొకావిడకి అదే మాట బాధగా చెప్పింది. రెండుసార్లూ పక్కన నేనున్నాను. దేనికి తలూపాలో తెలియక రెండిటికీ ఊపాను.