పులికాట్ గాలికి నాయన

పెళ్లయిన మొదటి ఏడు, కార్తీకంలో, నాయన నన్ను చూడను మా అత్తగారింటికి వచ్చినాడు. మాది బంగారుపాళ్యం పక్కన మామిడితోపుల పల్లె. నన్నిచ్చింది పులికాట్ సరస్సు ఒడ్డున ఉండే ఊరికి. తిరుపతిలో బస్సు మారి, నాయుడుపేట మీద సూళ్లూరుపేటకు వచ్చి, ఇంకో బస్సెక్కి దిగేసరికి మనిషి సగమైనాడు. నాయనకు బావి నీళ్లు తప్ప వేరే నీళ్లు తెలీవు. ఇంటెనక ఆకాశం దాకా పరుచుకున్న సరస్సును చూసి, "ఈడెట్లా ఉంటాండావమ్మా?" అన్నాడు.

మా ఆయన వాళ్లకు వరిపొలం ఉంది, పక్కింటివాళ్ల పడవలో వాటా ఉంది. వర్షాలకు పైరు, తర్వాత రొయ్యలు. మామగారొచ్చినారని ఆయనకు హుషారు. దక్షిణాన అరవదేశం ఒడ్డున పళవేర్కాడులో డచ్చివాళ్లు కోట కట్టి బట్టల బేరం చేసిన సంగతి, ఉత్తరాన దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్లు మద్రాసు కంటే ముందే దిగిన సంగతి, అన్నీ చెప్పినాడు. తెల్లారి, "రండి మామా, ఎర్రకాళ్ల కొంగల్ని దగ్గరగా చూపిస్తా" అన్నాడు. నాయన నావైపు చూసినాడు. అల్లుడి ముందు వద్దనలేక, పక్కింటాయన గడ పట్టిన పడవెక్కినాడు.

మధ్యాహ్నానికి ఈశాన్యం నుంచి గాలి లేచింది. సరస్సు బూడిదరంగుకు తిరిగింది. నేను గుమ్మంలోకీ ఒడ్డుకూ తిరగతా ఉంటే, రొయ్యలు ఒలుస్తున్న మా అత్త, "వాళ్లకు నీళ్ల సంగతి తెలుసులే" అంది. కానీ కాసేపటికి చూస్తే ఆమె కూడా రొయ్యల గిన్నె వదిలేసి నా పక్కనే నిలబడి ఉంది.

పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకొచ్చినాయి. మా పడవ లేదు. ఆఖరున వచ్చినాయన్ను అడిగితే, "మీవాళ్లను సరస్సు నడిమి దీవి పక్కన చూసినాం. తెరచాప దించేసినారు. మేం పిలిచినా గాలికి వినబడలా" అన్నాడు. అమ్మకు ఏమని కబురు పంపేదా అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

పొద్దు వాలేవేళ నీళ్లలో మూడు ఆకారాలు కనబడినాయి. పడవలో కాదు, నడిచి వస్తున్నారు. ముందు పక్కింటాయన గడతో లోతు చూసుకుంటా, ఆయన వెనక నాయన, నాయన భుజం పట్టుకొని మా ఆయన. పడవ ఇసకమేటలో ఇరుక్కుంటే ఆడనే కట్టేసి దిగినారంట. నీళ్లు చానా చోట్ల మోకాళ్ల దాకానే ఉన్నాయంట.

నేను పరిగెత్తి నాయన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. "ఏం కాలేదమ్మా" అన్నాడు గానీ, ఇంటిదాకా నా చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చి పొడిబట్టలు కట్టుకొని, మా ఆయన పడవ సంగతి మాట్లాడను పక్కింటికి పోయినాక, నాయన మెల్లగా అడిగినాడు. "ఆయన పోయినప్పుడంతా నువ్విట్లనే ఒడ్డున నిలబడి ఉంటావా?"

"గాలి ఉంటే ఉంటాను నాయనా. అలవాటవుతుందంటారు."

"అయిందా?"

పొయ్యి దగ్గర నుంచి మా అత్త ఇటు తిరక్కుండానే, "నాకే ఇంకా కాలేదన్నా" అంది. ఆమె నాతో ఎప్పుడూ అనని మాట అది. ఆమె నాయన ముందు వేడన్నం పెట్టి, రొయ్యల పులుసు వడ్డించింది.

మర్నాడు బస్సెక్కేముందు నాయన మా ఆయన్ను పక్కకు పిలిచి, ఈ గాలుల నెలల్లో మధ్యాహ్నం దాటి సరస్సు మీద ఉండొద్దని చెప్పినాడు. బతిమాలినట్టే చెప్పినాడు. మా ఆయన సరేనన్నాడు. ఆ ఏడు మటుకు ఆ మాట నిలబెట్టుకున్నాడు.