తునికాకు చద్దర్

మా డిజైన్ మాస్టర్ పోయారని అమ్మ పక్కింటివాళ్లతో ఉత్తరం రాయించింది. మా ఊళ్లో, కుమఠా నాకా దగ్గర మా సందులో ఆయన కోసం ఒక పూట మగ్గాలు ఆపారట.

టెక్స్‌టైల్ డిప్లొమా రెండో ఏడు వేసవిలో మేము ఆరు వారాలు ఎక్కడైనా పని నేర్చుకుని రావాలన్నారు. లేకుంటే ఏడాది పోయినట్టే. మగపిల్లలకు మిల్లుల్లో చోటు దొరికింది. నన్ను మాత్రం మూడు మిల్లులవాళ్లు గేటు దగ్గరే, ఆడపిల్లలకు ఇక్కడేం పనని పంపేశారు. ఏడుపు ముఖంతో వస్తుంటే, చద్దర్ దుప్పట్లకు బొమ్మలు గీసే ఈ మాస్టరే తన గది గుమ్మంలోంచి పిలిచారు.

"ఏంది బిడ్డా, గట్ల వస్తున్నవ్?"

చెప్పాను.

"మిల్లు గాకపోతే ఏమాయె? లోపటికి రా. ఈడ గూడ పనే ఉంటది."

ఆ గదిలో గళ్ల కాగితాలు, రంగు సీసాలు, ఒక చాప. గడి నింపేటప్పుడు మాస్టర్ ఊపిరి బిగబట్టేవారు. కుంచె పైకెత్తాకే మాట. మధ్యాహ్నాలు పైకప్పు అద్దంలోంచి దిగే వెలుగులో దూది నలుసులు తేలుతుంటే, మేలుకుని ఉన్నానో కల కంటున్నానో తెలిసేది కాదు. అంత హాయిగా నేనెప్పుడూ ఏ పనీ చేయలేదు.

రెండో వారం నన్నే ఒక బొమ్మ గీయమన్నారు. నెమలి మొదలుపెట్టాను.

"నెమళ్లు మస్తు గీసిన నేను. నీ ఇంట్ల ఏముంటదో అది గియ్యి."

మా ఇంట్లో ఉండేది అమ్మ బీడీలకు కత్తిరించే తునికాకే. అదే గీశాను. మాస్టర్ ఆ బొమ్మ ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టించి మగ్గానికి ఎక్కించారు. నేసి చూస్తే గుండ్రటి ఆకు మామిడాకులా సాగిపోయింది. సిగ్గుతో కాగితం చింపబోయాను. చెయ్యి పట్టుకుని ఆపారు.

"అడ్డం నూలు, పేక, లావుంది, అందుకే సాగింది. ముందుగాల మగ్గం కాడ కూసోని జూడు. తర్వాత గియ్యి."

వారం రోజులు మగ్గం పక్కనే కూర్చున్నాను. మళ్లీ గీసిన ఆకు నూలు మీద గుండ్రంగా వచ్చింది.

కాలేజీలో మా సారు మాత్రం పని ఇచ్చినవాళ్ల పేరు అచ్చువేసిన కాగితం మీద ఉత్తరం లేనిదే ఈ పని చెల్లదన్నారు. మర్నాడు మాస్టర్ ఉతికిన చొక్కా తొడుక్కుని, చద్దర్ భుజాన వేసుకుని నాతో వచ్చారు. దాన్ని సారు బల్ల మీద పరిచారు.

"అచ్చు కాగదం నా తాన లేదు సార్. ఈ పోరి పని ఉంది. బఘా, జర చూడుండ్రి, మీరే చూడుండ్రి."

సారు ఆకును చేత్తో నిమిరారు. చద్దర్ తిరగేసి వెనకవైపూ చూశారు. నా శిక్షణ కాగితం మీద సంతకం పెట్టారు. ఈరోజు వేరే ఊళ్లో బొమ్మలు గీసే ఉద్యోగం చేస్తున్నానంటే, ఆ చాప మీద కూర్చున్నందుకే.

సారు సంతకం పెట్టిన ఆ సాయంత్రం మాస్టర్ నన్ను మేడ మీదికి తీసుకెళ్లారు. తడి చద్దర్లు వరసలుగా ఆరేసి ఉన్నాయి. వాటి మధ్యకు నడిచి కనబడకుండా పోయారు. "ఈ నీలం జూడు బిడ్డా" అని ఒకవైపు నుంచి, "ఈ ఎరుపు జూడు" అని ఇంకోవైపు నుంచి గొంతు వినిపించేది. గాలి వీచినప్పుడు ఆయన పాదాలు కనిపించేవి. ఆగితే అన్నీ రంగులే.