లక్ష్మమ్మవ్వ మామిడిచెట్టు కింద మనిషి

రెండువేల ఇరవై రెండు వేసవి. బనగానపల్లె దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పురావస్తు శాఖలో నా పని, జేసీబీ రాకముందే ఆ దారంతా నడిచి నేలలో పాతకాలపు ఆనవాళ్లు వెతకడం. ఎండకు నా కోపం ముక్కుమీదే ఉండేది.

రోడ్డువారన తన చేనులో, మామిడిచెట్టు కింద లక్ష్మమ్మవ్వ నాకోసం ఒక ఎగ్జిబిషనే పెట్టింది. రోలు, విసుర్రాయి, సొట్టల రాగిచెంబు, అన్నిటికీ పసుపు కుంకుమ. చెట్టు మొదట్లో రోడ్డువాళ్ల గుర్తురాయి ఉంది, అంటే చెట్టు రోడ్డుకింద పోతుంది. పాత వస్తువులు దొరికితే రోడ్డు పక్కకు పోతుందని ఎవరో చెప్పారట.

"ఇవన్నీ మా అవ్వ కాలంవి మేడమ్. తీసుకుపో. చెట్టు మాత్రం ఉండనీ. మా ఇంటాయన నాటింది. ఆయన పోయినాక దీంతోనే మాట్లాడుకుంటాండా."

నవ్వొచ్చింది, ఆ వెంటనే మనసు చివుక్కుమంది. "రోలుకు రోడ్డు తిరగదవ్వా," అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. అయినా కూర్చోబెట్టి పండు కోసి పెట్టింది.

"ఇంత రాళ్లకుప్పలో చెట్టెందుకు నాటినాడవ్వా?"

"ఈడ మడక దిగదమ్మా, అడుగున శానా గుండ్లు. మా మామ కాలం నుంచి చేన్లో ఏరిన రాళ్లన్నీ ఈడే పోస్తాం. దున్నేదానికి పనికిరాని తావని చెట్టు పెట్టినాడు."

పండు పక్కన పెట్టేశాను. ఏరిపోసిన రాళ్లు తీయిస్తే అడుగున పెద్ద గుండురాళ్లు చెట్టు చుట్టూ వలయంగా ఉన్నాయి. అంచున ట్రయల్ ట్రెంచ్ తీశాం, అంటే కింద ఏముందో చూడటానికి చిన్న గుంట. నలుపు ఎరుపు కుండలు, పక్కన మనిషి ఎముకలు. రెండువేల ఏళ్లకు పైబడిన ఇనుపయుగపు సమాధి.

ఇప్పుడు భయం నాకు పట్టుకుంది. మామూలుగా ఇలాంటివి గబగబా తవ్వి, దొరికినవి మ్యూజియానికి పంపి, జాగా రోడ్డుకిచ్చేస్తాం. అలా చేస్తే చెట్టును మేమే కొట్టాలి. వేర్లు సమాధిలోకి దిగాయి, కదిపితే రెండూ పోతాయి, అలైన్‌మెంట్, అంటే రోడ్డు పోయే గీత, జరపండి అని పైవాళ్లకు రాశాను. కర్నూలు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. చివరికి రోడ్డు ఎదుటి బంజరువైపు జరిగింది. గుంట పూడ్చేశాం.

ఎముకల సంగతి వింటే అవ్వ జడుసుకుంటుందనుకున్నాను. "ఎవరి బిడ్డో పాపం! ఇన్నేండ్లు ఒక్కడే పండుకోనుండాడే," అని కళ్లొత్తుకుంది.

తవ్వడమే కాదు, తవ్వకుండా వదిలేయడమూ మా పనేనని అక్కడే నేర్చుకున్నాను. ఏటా కాపుకు వెళ్తాను. మొదటి పండు భర్త ఫొటో ముందు పెడుతుంది. రెండోది సమాధి గుండురాయి మీద, ఆ పేరు తెలియని మనిషికి. చెట్టును కాపాడిన నాకు మూడోది.

"ఏమనుకోవద్దు మేడమ్," అంటుంది నా చేతిలో పెడుతూ, "ఇంట్లో పెద్దోళ్లకు పెట్టినాకే కదా, ఆడబిడ్డకు."