బొంత మీద జియోఫోన్

భూకంపాలు కొలిచే సెన్సర్లు బిగించడం నా ఉద్యోగమంటే కొండాపూర్‌లో ఎవరూ నమ్మరు. "ఇక్కడ భూకంపాలెక్కడివండీ, వేళాకోళమా?" అంటారు. మళ్ళీ వాళ్ళే, "ఆ మిషన్ ముందే చెప్పేస్తుందటగా?" అని అడుగుతారు. ఏదీ ముందు చెప్పదు మహాప్రభో! జరిగింది రాసుకుంటుంది, అంతే. అవి కూడా అన్నీ ఒక రకం కావు. బ్రాడ్‌బ్యాండ్ సెన్సర్ అనేది మహా సున్నితం. సముద్రాల అవతల భూమి కదిలినా పసిగడుతుంది, అందుకే దాన్ని మనుషులకీ లారీలకీ దూరంగా గుంతలో పెడతాం. యాక్సిలరోమీటర్ మొండిది. చిన్నాచితకా వాటిని పట్టించుకోదు గానీ భవనం ఊగిపోతున్నా లెక్క తప్పదు. దాన్ని పెద్ద టవర్ల పునాదిలో బిగిస్తాం. మూడోది జియోఫోన్. గుప్పిట్లో పట్టేంత డబ్బా. లోపల ఒక అయస్కాంతం, స్ప్రింగుకి వేలాడే తీగచుట్ట. పక్కన బండ పేలిస్తే నేల ఎంత వేగంగా అదిరిందో చెప్పడానికి మాకు అదే దిక్కు.

మా అక్క ఇంట్లో పెట్టింది ఆ మూడోదాన్నే. వాళ్ళది మదీనాగూడలో పాత అపార్ట్‌మెంట్, కింది అంతస్తు. పక్క స్థలంలో సెల్లార్ తవ్వడానికి మధ్యాహ్నం పూట బండ పేలుస్తున్నారు. పాప పడుకునే గదిలో గోడ బీటలిచ్చింది. పాపకి ఇంకా రెండేళ్ళు నిండలేదు. అక్క వెళ్ళి గట్టిగా గొడవ పెట్టుకుంటే, సెన్సర్ పెట్టించండి, అదురు పరిమితి దాటితే పేలుడు మందు తగ్గిస్తాం అని సైట్ వాళ్ళు ఒప్పుకున్నారు. పాప పడకని హాల్లోకి మార్చారు. నేను ఆ గదిలో జియోఫోన్‌ని నేలకి ఆనించి, కదలకుండా పైన చిన్న ఇసుక మూట పెట్టి వచ్చాను. రీడింగులు సిమ్ ద్వారా మా ఆఫీసుకీ వాళ్ళ సైట్‌కీ వెళ్తాయి.

వచ్చిన అంకెలు పరిమితిలో పావు వంతు కూడా లేవు. "చూసిండ్రా మేడమ్, ఏం లేదు. మీ అక్క ఉత్తగనే పరేషాన్ అయితుంది," అన్నాడు సైట్ ఇంజనీరు. హమ్మయ్య అనుకుని అక్కకి ఫోన్ చేశాను. నా మాట నమ్మి పాపని మళ్ళీ ఆ గదిలోకి మార్చారు.

కొన్నాళ్ళకి అక్క ఫోన్. "ఏమే, నీ మిషన్ ఏమీ లేదంటోంది, ఇక్కడ బీట కిటికీ దగ్గర్నించి పైకప్పు దాకా పాకింది. నేనేమైనా పిచ్చిదాన్నా?"

వెళ్ళాను. గది తలుపు తీసి అక్కడే కొయ్యబారిపోయాను. మంచం మీద పాప నిద్రపోతోంది. మంచం పక్కన నా జియోఫోన్, నాలుగు మడతలు వేసిన బొంత మీద మహారాణిలా కూర్చుని ఉంది. ఇసుక మూట జాడ లేదు.

"ఇదేంటి అత్తయ్యగారూ!" నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

అక్క అత్తగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "నేనే వేశానమ్మా. ఖరీదైన వస్తువని నువ్వే అన్నావు కదా! రోజూ అలా అదిరితే పాడైపోదూ? పైగా అంత చిన్నదాని నెత్తిన ఇసుక మూటేంటి, పాపం. నువ్వెళ్ళిన సాయంత్రమే తీసేశాను."

ఏ రకం సెన్సరైనా నేలని అంటిపెట్టుకుని ఉండాలి. మధ్యలో మెత్తటిదేదైనా ఉంటే అదురుని అదే మింగేస్తుంది. ఇన్నాళ్ళూ మేం చూసుకున్నవి బొంత అంకెలు. అరుద్దామని నోరు తెరిచాను గానీ, మెచ్చుకుంటానేమోనని చూస్తున్న ఆ మొహం చూసి చెప్పులేసుకున్నాను.

సైట్‌కి పరిగెత్తి ఇంజనీరుకి చెప్పాను. అతని మొహం పాలిపోయింది. "ఏంది మేడమ్ గిట్ల జేసిండ్రు! మీ రీడింగ్ జూసే కదా మందు పెంచినం!"

"ఇవాళ్టికి ఆపండి," అన్నాను.

"ఇగ ఆపనీకి రాదు. మందు నింపేసినం, అట్లనే వదిలిపెడితే ఇంకా డేంజర్. అందర్ని బయటికి తీస్కరాండ్రి, నేను గూడ వస్త."

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి జియోఫోన్‌ని వట్టి నేలకి అతికించాను. బొంత సంగతీ, మందు పెంచిన సంగతీ చెప్పగానే అక్క నిద్రలో ఉన్న పాపని భుజాన వేసుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. ఇరుగుపొరుగు వాళ్ళని కూడా బయటికి రప్పించాం. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్ళ పక్కనే నిలబడ్డాను. సైట్‌లో విజిల్ వేశారు.

పేలింది. తెర మీద గీత ఒక్కసారిగా పైకీ కిందకీ ఎగిరిపడింది. అంకె పరిమితికి దాదాపు రెట్టింపు. "అమ్మో!" అన్నాడు ఇంజనీరు. అప్పుడే ఇంట్లో ధబ్బుమని చప్పుడైంది.

దుమ్ము అణిగాక అందరం లోపలికి వెళ్ళాం. పైకప్పు నుంచి ఊడిన పెచ్చు సరిగ్గా పాప దిండు మీద పడింది. చపాతీ పీట కంటే పెద్దది. ఇంజనీరు ఫోన్ తీసి, రేపటి నుంచి పేలుళ్ళు బంద్ అని ఎవరికో చెబుతున్నాడు.

అత్తయ్యగారు దిండు వైపే చూస్తూ, "నేను బొంత వెయ్యకపోతే మందు పెంచేవాళ్ళు కాదా అమ్మా?" అని నన్ను అడిగారు.

అబద్ధం చెప్పాలనుకున్నాను గానీ, వంగి దిండు మీది పెచ్చు తీయడం మొదలుపెట్టాను. ఆవిడకి అర్థమైపోయింది. ఏడుస్తూ పాప కోసం చేతులు చాచారు.

అక్క ఇవ్వలేదు.