తంతి తాయెత్తుకు పథ్యం

ఇది మహాకావ్యం కావలసిన కథ. ఇందులో తీగల మీద వేలాడిన ప్రాణం ఉంది, కొండల అవతలి నుంచి పలికే కనపడని దేవత ఉంది, సాయంకాలపు వెలుగులో మృత్యువుతో ముఖాముఖి ఉంది. ఆశ్వాసాలుగా విభజించి రాద్దామని కూర్చున్నాను. తీరా ఆలోచిస్తే కథంతా ఒక పసివాడి విరేచనాల గురించి. కావ్యం ఆలోచన అక్కడే మానుకున్నాను.

ఇదంతా గుర్తుకు రావడానికి కారణం గంజి. మొన్న గిద్దలూరు స్టేషనులో నేను పనిచేసే తంతి గది వెనక మా పోర్టరు కొర్రన్నం వార్చుకుని, వేడి గంజిలో ఉప్పురాయి వేశాడు. ఆ ఆవిరి ముక్కుకు తగలగానే నేను పని మధ్యలో లేచి వెళ్లి, "గుక్క గుక్కగా తాగు, ఆపొద్దు" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి గంజి తాగడం నేర్పే ఉద్యోగం రైల్వేలో ఇంకా పెట్టలేదు. ఆ మాట నాది కాదు, రూతక్కది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రూతక్క కంభంలో నర్సు. స్టేషనుకు ఎదురుగా మిషను వాళ్లు పెట్టిన ఒంటిగది మందులిల్లు ఉండేది. అందులో ఒక బల్ల, ఒక బీరువా, ఒక రూతక్క. డాక్టరు లేరు. డాక్టరమ్మ రైల్లో సగం రోజు దూరాన పెద్ద ఆసుపత్రిలో ఉండేది. తెల్లదొరసాని, తెలుగు అంతంతమాత్రం. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక రైల్వే తంతి తీగ, ఆ తీగకు ఈ చివర నేను. రైళ్ల కబుర్లు వెళ్లాకే జబ్బుల కబుర్లు వెళ్లాలని నియమం. ఎక్కడో గూడ్సుబండి ఆగిపోతే కంభం జ్వరాలన్నీ వరసలో నిలబడాల్సిందే. ఆ నియమం జ్వరాలకు ఎవరూ చెప్పలేదు.

రూతక్క పొట్టి మనిషి. కూలికి పోయే అమ్మానాన్నల బిడ్డ. మిషను బడిలో చదువుకుని నర్సయింది. చదువు మిషనుది గాని గొంతు మాత్రం పొలానిది, నాలుగు చేల అవతలి వాళ్లతో మాట్లాడటానికి అలవాటు పడింది. ఆమె నా కిటికీ దగ్గర నిలబడి జబ్బు వివరిస్తుంటే, తీగ అవసరం లేకుండానే డాక్టరమ్మకు వినపడుతుందేమో అనిపించేది.

ఆమె మొదటిసారి చెప్పిన తంతి నాకింకా గుర్తుంది.

"రాయి తమ్ముడా. దొరసానమ్మ గారికి వందనములు. దేవుని కృప వలన మేమందరమూ క్షేమము..."

"అక్కా, ఇది తంతి. ఉత్తరం కాదు. జబ్బేందో చెప్పు."

"పలకరించకుండా జబ్బు చెప్తారా ఎవరన్నా? మీ ఇంట్లో అట్లనేనా?"

"మా ఇంట్లో తంతులు కొట్టుకోం అక్కా."

మూతి తిప్పి, అసలు సంగతికి వచ్చింది. "హనుమంతునిపాడు నుంచి ఒకాయన వచ్చినాడు. మెడ మీద గడ్డ లేచింది. మేకపెంటికంత ఉంది."

ఇంగ్లాండులోనూ మేకలుంటాయి గాని, దొరసాని ఎప్పుడైనా వాటి వెనకవైపు శ్రద్ధగా చూసి ఉంటుందని నాకు నమ్మకం కలగలేదు. బఠానీ గింజంత అని రాశాను. ఏం రాశావో చెప్పమంది. చెప్పాను.

"నువ్వు జూసినావా ఆ గడ్డని?"

"నేనెందుకు చూడాలి అక్కా? నేను తంతి గుమాస్తాని."

"ఆయమ్మ అంత దూరాన్నుంచి చూడలేదు. నువ్వు చూడగలిగీ చూడకపోతే ఇంక చూసేదెవురు? పద."

చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. ముక్కూమొహం తెలియని మనిషి మెడ మీది గడ్డను నా వేళ్లతో తడిమించింది. న్యాయంగా చెప్పాలంటే అది బఠానీలా లేదు. కొంచెం కోలగా ఉంది. తిరిగి వచ్చి ఆ కోలతనాన్ని ఇంగ్లీషులో పెట్టడానికి నేను పడ్డ అవస్థ పరీక్షలో కూడా పడలేదు.

అప్పటినుంచి చూడనిది పంపే వీల్లేకుండా పోయింది. నాడి సంగతి మరీ చోద్యం. నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందని డాక్టరమ్మ తప్పకుండా అడిగేది. సెకండ్ల ముల్లున్న గడియారం ఆ చుట్టుపక్కల స్టేషనులోది ఒక్కటే. అందుకని రూతక్క రోగుల్ని ప్లాటుఫారం మీదికి తెచ్చి, గడియారం కింద ఉన్న పార్సెళ్ల తూకం బల్ల మీద కూర్చోబెట్టి నాడి లెక్కపెట్టేది. ఒక ముసలాయన తనను ఏ ఊరికి పార్సెలు చేస్తున్నామో చెప్పమని నన్ను బతిమాలుకున్నాడు. గుంతకల్లు అన్నాను. ఆయన నాడి ఒక్కసారిగా పెరిగింది. రూతక్క ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అంటే, తిట్టడానికి తప్ప.

ఇక విరేచనాలు. చెరువు కట్టకు అవతల గొర్రెల దొడ్లు ఉండేవి. అక్కడ మాలకొండయ్య అనే గొర్రెల కాపరి కొడుక్కి, నడక నేర్చిన పిల్లవాడికి, ఆగకుండా విరేచనాలు పట్టుకున్నాయి. రూతక్క పొద్దున్నే వెళ్లి చూసి వచ్చి తంతి ఇచ్చింది. ఈసారి వందనాలు లేవు; అందుకే నాకు భయం వేసింది. జవాబు కోసం మాలకొండయ్యను నా దగ్గర కూర్చోబెట్టి, తను ఒక కాన్పుకు వెళ్లింది. మధ్యాహ్నం దాటాక జవాబు వచ్చింది. కాచిన గంజిలో ఉప్పు వేసి, గుక్క గుక్కగా, ఆపకుండా పట్టాలి. మూత్రం వచ్చిందో లేదో తెలపాలి. తెలుగులో విడమరిచి చెప్పాను. మాలకొండయ్య శ్రద్ధగా తలూపి, కాగితాన్ని కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు.

కాన్పు ముగించుకుని రూతక్క వచ్చింది. "చెప్పినావా?"

"చెప్పినా. తలూపినాడు."

"తల వాళ్ల గొర్రెలు గూడా ఊపుతాయి. తిరిగి ఏం జెప్పినాడు?"

తిరిగి ఏమీ చెప్పలేదు. నేను అప్పుడే డ్యూటీ దిగాను. ఆమె ముందు, నేను వెనక, చెరువు కట్ట మీద దాదాపు పరుగెత్తాం.

పిల్లవాడు నాయనమ్మ ఒళ్లో వడిలిపోయి ఉన్నాడు. కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు గాని కన్నీళ్లు లేవు. మోచేతి పైన నల్లదారంతో, నేను స్వహస్తాలతో రాసిన తంతి చుట్టలా చుట్టి కట్టి ఉంది.

"గంజి పోసినారా అవ్వా?" అంది రూతక్క.

"గంజా! కిందికి అట్ల పోతాంటే పైనుంచి పోసేదేంది? పొద్దుట్నించి చుక్క తగలనియ్యలా."

"మరి కాగితం?"

"కట్టినాం గదమ్మా. తంతి వచ్చిందంటే ఎవురో ఒకరు పోవాల్సిందే. తంతి వచ్చినా మనిషి నిలబడింది మా దొడ్లల్లో ఇదే మొదలు. ఎంత మహిమ లేకపోతే!"

కాగితంలో మహిమ లేదనీ అందులో ఉన్నది ఇంగ్లీషనీ చెప్పబోయాను. రూతక్క నా కాలు తొక్కింది. దారానికి చెయ్యి కూడా తగలనివ్వకుండా అవ్వ పక్కన కూర్చుంది.

"అవ్వా, దర్గా సాయిబు తాయెత్తు కట్టినప్పుడు పథ్యం చెప్తాడు గదా?"

"ఎందుకు చెప్పడు? గోంగూర ముట్టొద్దంటాడు."

"దీనికీ ఉంది. ఉప్పేసిన గంజి. గుక్క గుక్కగా, ఆపకుండా. పథ్యం తప్పితే ఇది ఉత్త కాగితమే."

అవ్వ గిర్రున కొడుకు వైపు తిరిగింది. "పథ్యం అడక్కుండా కట్టినావేందిరా, సచ్చినోడా!"

"ఆ తంతి అయ్య గంజి అన్నాడు గాని, పథ్యమని యాడ జెప్పినాడు?" అన్నాడు మాలకొండయ్య. దొడ్లో అందరూ నా వైపు చూశారు. గొర్రెలతో సహా.

గంజి వచ్చింది, ఉప్పు పడింది, అవ్వే స్వయంగా ఉగ్గుగిన్నె తెచ్చింది. రూతక్క పిల్లవాణ్ని తీసి నా ఒళ్లో పడుకోబెట్టింది. ఎందుకన్నాను.

"నీ పంట్లాం తెల్లగ ఉంది. కొంచెం తడిసినా కనపడతది."

ఆమె గుక్క పోసేది, ఆగేది, మళ్లీ పోసేది. ఒకసారి అంతా కక్కేశాడు. అవ్వ "చెప్పలా!" అంది. రూతక్క కాసేపు ఊరుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, గుక్కల లెక్కో తెలియలేదు. నా చేతిలో తల బరువుగా వాలిపోయింది. డాక్టరమ్మ ఉంటే పొట్ట మీద చెయ్యి వేసి ఏదో తెలుసుకునేది. ఆ చెయ్యి తీగలో రాదు. గొర్రెలు మేత నుంచి తిరిగొచ్చి దొడ్లు నిండాయి. ఎండ చెరువు మీంచి జారుకుంది. అప్పుడు నా తొడ వెచ్చబడింది.

"అక్కా! పోసినాడు! ఒంటికి పోసినాడు!" అని నేను అరిచిన అరుపు, రాజ్యం గెలిచినవాళ్లు కూడా అరిచి ఉండరు.

రూతక్క ఆ మరకను పరీక్షగా చూసి, మొదటిసారి నవ్వింది. "ఇంకేం, నువ్వే చూసినావు గదా. పో, పంపు." తడి పంట్లాంతోనే కట్ట మీద పరుగెత్తి, ఆ శుభవార్తను తీగకెక్కించాను. అవతలి నుంచి వచ్చిన జవాబు పొట్టిది: మంచిది, ఆపకండి. ఆపలేదు. పథ్యం విషయంలో అవ్వ ఆసుపత్రి కంటే కఠినంగా ఉంది. పిల్లవాడు దక్కాడు. తాయెత్తు మాత్రం అది పీలికలయ్యేదాకా విప్పలేదట.

తర్వాత రూతక్కను చంద్రశేఖరపురం వైపు ఒక పల్లెకు మార్చారు. అక్కడికి తంతి లేదు. నేనే అప్పుడప్పుడూ వెళ్లి చూసి వస్తాను. వెళ్లినప్పుడల్లా తిరుగు బస్సు వేళ నా చేత అప్పజెప్పించుకుని గాని అన్నం పెట్టదు. తలూపితే ఒప్పుకోదు.

ఆ జబ్బు నాకూ అంటుకుంది. ఇప్పటికీ గిద్దలూరు కిటికీ దగ్గర ఎవరికి తంతి చదివి వినిపించినా, "ఏం విన్నావో చెప్పు" అంటాను. జనం విసుక్కుంటారు. చావు కబురైతే మాత్రం అడగను. అవి ఒక్కసారికే అర్థమవుతాయి. అప్పుడు లేచి బయటికి వెళ్లి, వాళ్ల పక్కన కాసేపు నిలబడతాను. అదీ ఆమె నేర్పిందే.

ఇక ఆ పంట్లాం. ఆ మరకను నేటికీ పెట్టెలో భద్రంగా దాచుకున్నానని రాస్తే ముగింపు ఘనంగా ఉండేది. అది మొదటి ఉతుకుకే పోయింది.