తెరవని మెయిల్‌బాక్సులు

కేసముద్రం మార్కెట్ ఎదురుగా నెట్ సెంటర్ నడిపే మా అక్క పోయింది. పొద్దున్నే ఆమె తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, అక్క ఇగ లేదు," అన్నాడు. కిడ్నీలు పాడై దవాఖానల చుట్టూ తిరుగుతోందని తెలుసు. దొరికిన మొదటి బస్సెక్కి ఆమె తండాకు బయలుదేరాను.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు. మేమంతా పనిచేసిన పత్తి కంపెనీకి జనగామలో పెద్దాఫీసు ఉండేది. అక్కడ ఈమెయిల్ సర్వర్ చూసేది ఆమె. నేను మహబూబాబాద్ బ్రాంచిలో గుమాస్తాను. చిన్నాపెద్దా అందరికీ ఆమె అక్కే. దంతాలపల్లి దగ్గరి తండా నుంచి వచ్చి, అప్పట్లో మాకెవరికీ అంతుపట్టని ఆ పని నేర్చుకుంది. సర్వర్ గది చలికి నడి ఎండాకాలంలోనూ స్వెట్టరు వేసుకునేది. తల్లితో ఫోన్లో లంబాడీలో మాట్లాడాలంటే మాత్రం ఆ గది తలుపు దగ్గరికి వేసుకునేది. మా తెలుగు విని నవ్వే ఆఫీసులో ఆమె ఇంటి భాష విని నవ్వకుండా ఎవరుంటారు?

తెలంగాణ కోసం సమ్మె మొదలైనప్పుడు మా బ్రాంచీ, భూపాలపల్లిలోని కంపెనీ పత్తి డిపో రెండూ మూతపడ్డాయి. అందరం రోడ్డు పక్కన టెంటులో కూర్చున్నాం. మమ్మల్ని కదిలించినవాడు డిపో ఇన్‌చార్జి. ఎవరు ఎప్పుడు బయటికి రావాలో మెయిల్‌లోనే రాసేవాడు. మేమూ అందులోనే జవాబిచ్చేవాళ్ళం. అవన్నీ కంపెనీ సర్వర్లోనే ఉంటాయన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు.

సమ్మెలో ఉన్నవాళ్ళ మెయిల్ తీసేయమని పెద్దాఫీసు మేనేజరు అక్కకు చెప్పాడు. మా లాగిన్లన్నీ ఆగిపోయాయి. కంగారుపడి ఫోన్ చేశాను.

"పోలేదు తమ్మీ. నీ పేరుకు, నీ మెయిల్ డబ్బాకు నడుమ తెంపిన, గంతే. డబ్బా సర్వర్ల అట్లనే ఉంటది. గడువు దాటితెనే తుడుసుకపోతది. ఆ గడువు పెంచి పెట్టిన. మీరొచ్చినంక మళ్ల కలుపుత."

అంతటితో అయిపోయిందనుకున్నాం. మేనేజరు ఆమెను మళ్ళీ పిలిచిన సంగతి చాలాకాలం తర్వాత ఆమే చెప్పింది.

"వాళ్ళ మెయిల్‌బాక్సులన్నీ ఉమ్మడివిగా మార్చి నా పేరుకు తగిలించమ్మా. ఈ గొడవ ఎవడు మొదలుపెట్టాడో చూద్దాం," అన్నాడట.

"కొత్తగ వచ్చే ఆర్డర్లు మీకొచ్చేటట్టు చేస్త సార్. పాతయి తెరువ."

"తెరువ ఏంటమ్మా? కాస్త సరైన తెలుగులో చెప్పు," అని నవ్వాడట.

ఆమె అతని తెలుగులోనే, ఒక్కో అక్షరం విడిగా వినబడేటట్టు, "తెరవను సార్" అంది.

"భయం కాలేదా అక్కా?" అని అడిగాను.

"అయింది. అయితె మాత్రం? తాళంచెవి నా చేతుల ఉన్నదని మంది ఇండ్లల్లకు పోతనా?"

ఇంకొకరిని హైదరాబాద్ నుంచి రప్పించేలోపే సమ్మె ముగిసింది. యార్డుల్లో పత్తి లారీలు ఆగిపోయి, కంపెనీకి మా అవసరం పడింది. అక్క ఒక్కొక్కరి డబ్బా వాళ్ళ వాళ్ళ పేరుకు మళ్ళీ కలిపింది. డిపోలో ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరుంటే ఫోన్ చేసి ఇంటిపేరు అడిగింది. "ఒకలది ఇంకొకలకు కలిపితె ఎంత గోస!" అనుకుంటూ మళ్ళీ మళ్ళీ సరిచూసింది.

మా ఉద్యోగాలు మిగిలాయి. ఆమెది పోయింది. కాంట్రాక్టు అయిపోయిందన్నారు, అంతే. కొత్తగా వచ్చినవాడు చేసిన మొదటి పని ఆమె మెయిల్ తీసేయడం. దాన్ని కలిపే మనిషి ఆ ఆఫీసులో ఇక లేదు.

"రాష్ట్రం రానియ్ అక్కా, నీ నౌకరి నా జిమ్మ, నేనిప్పిస్త," అన్నాడు ఇన్‌చార్జి, మా అందరి ముందరే.

రాష్ట్రం వచ్చింది. ఆయన కంపెనీ మానేసి నాయకుడయ్యాడు. సర్టిఫికెట్లు పట్టుకుని అక్క భూపాలపల్లి పోతే తోడుగా నేనూ పోయాను. ఆయన ఇంటి ముందు బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాం. ఆయన వెనక గేటు నుంచి వెళ్ళిపోయాడని చివరికి డ్రైవరెవరో చెప్పాడు. తిరుగు బస్సులో సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుంటూ, "ఆయన డబ్బా నేను కలిపిన తమ్మీ. ఆయన నన్ను కలువడు," అని నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

తర్వాత నెట్ సెంటర్ పెట్టుకుంది. తండా ఆడపిల్లలకు కాలేజీ దరఖాస్తులు నింపేది. వాళ్ళు పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుని, "నాకు చెప్పకు బిడ్డా, నీదే ఉంచుకో," అనేది. నా పిల్లలు తిన్న తిండిలో, చదివిన చదువులో ఆమె ఆ రోజు మేనేజరుతో అన్న 'తెరవను' అనే ఒక్క మాట ఉంది. ఆమెకు మేం తిరిగి ఇచ్చిందేమీ లేదు.

తండాకు పోయేసరికి ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకుని తమ భాషలో పాటలా ఏడుస్తున్నారు. కంపెనీ నుంచి ఎవరూ రాలేదు. నాయకుడూ రాలేదు కానీ ఆయన మనుషులు ఫ్లెక్సీ తెచ్చి రెండు గుంజలకు కట్టిపోయారు. దాని నిండా చేతులు జోడించిన ఆయన నిలువెత్తు ఫొటో. కింద మూలన, పూలచట్రంలో అరచేతంత అక్క. 'ఉద్యమ సోదరికి జోహార్లు' అని రాసి ఉంది.

అక్క తల్లి దగ్గరికి వచ్చి చూసి, "గీయనెవలు బిడ్డా?" అని నన్ను అడిగింది.

అక్క తమ్ముడు లేచి ఫ్లెక్సీ పైభాగాన్ని వెనక్కి మడిచి, అక్క ముఖం ఒక్కటే కనిపించేటట్టు కట్టాడు. గాలికి ఆ మడత విప్పుకుంది. అతను మళ్ళీ మడిచాడు. మళ్ళీ విప్పుకుంది. చివరికి అట్లాగే చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.