అమ్మమ్మ సమాధి దిక్కు

ఈ ఎండకాలం ఒక దినం మా ఆర్మూర్ స్టూడియోల, పెళ్లోళ్లంత కూసోని ఉండంగనే, వాళ్ల ముందట్నే నా కొడుకు మీద నోరు పారేసుకున్న. అరవై ఏండ్లు దాటినంక గట్ల అరిచింది గదే మొదలు. నా ఈడోళ్లకైతె సమజైతదని రాస్తున్న, చిన్నోళ్లకు చెప్పుకుంట పోతె నాకే యాష్టకొస్తున్నది.

స్టూడియో నేను పెట్టిందే, మోకాళ్లు సతాయిస్తున్నయని కొడుకు చేతుల పెట్టిన. ఇప్పుడు ఫొటోలు తీసుడు తక్కువ, లగ్గానికి ముందు పిల్లను పిలగాన్ని ఎక్కడికో తోల్కపోయి సినిమా లెక్క వీడియో తీసుడు ఎక్కువ. ఆ దినం గోడకున్న పెద్ద టీవీల గసొంటి వీడియోనే పెట్టిండు, నేను మూలకు కుర్చీల కూసోని పేపరు తిరగేస్తున్న. తలెత్తి చూస్తె మా గోదారి, ప్రాజెక్టు కట్టకు ఎనుక దొంకేశ్వర్ దిక్కు నిలిచే నీళ్లు. ఎండలకు నీళ్లు ఎనుకకు జరిగినంక పచ్చగ గడ్డి మొలిచిన ఒడ్డు, దాని అంచుపొంటి కార్లు, పైనుంచి డ్రోన్ తిరుగుతుంటె కింద పెద్దక్షరాలతోని మినీ గోవా అని పడ్డది. నాకు ఒళ్లు మండింది. మా పసుపు చేన్లు మునిగిన జాగ గోవా ఎట్లయితది?

అంతవరకైతె పండ్లు కొరుక్కోని ఊకుంటుంటినేమో. కానీ ఆ పిల్ల ఎత్తు మడిమెల చెప్పులేసుకోని ఒక రాతి గద్దె మీదికెక్కి నిలవడ్డది, పిలగాడు మోకాళ్ల మీద కూసోని పువ్విచ్చిండు, కెమెరా దగ్గరికి పోయింది. గద్దెకు పక్కపొంటి దీపం పెట్టే చిన్న గూడు, దాని కుడి మూల పగిలి ఉన్నది. ఆ పగులు నాకు ఎరుకే, ఎన్నో ఏండ్లు ఎతికినా దొరకని పగులు అది. ఆపురా అని అరిచిన. అది మా అమ్మమ్మ సమాధి, దాని మీదికి చెప్పులతోని ఎక్కిచ్చినవా అని ఇంకేమేమో అన్న. పిల్ల ఏడ్వవట్టింది, వాళ్ల పెద్దమనిషి లేచి బయటికి నడిచిండు, నా కొడుకు నా దిక్కు చూసి మెల్లగ ఒక్కటే మాట అడిగిండు. "నాకెప్పుడు చెప్పినవు బాపూ?" ఎన్నడూ చెప్పలే. అందుకే కోపం ఇంకింత పెరిగింది.

జవాబు చెప్పాల్నంటె మా అవ్వ కాడికి పోవాలె. మేం తల్లిని అవ్వ అంటం. అవ్వకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు ఎవరూ లేరు. ఆమె కడుపుల ఉండంగనే వాళ్ల నాయిన పోయిండట, అమ్మమ్మ ఒక్కతే పసుపు పెట్టి, తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి బిడ్డను సాదింది. అమ్మమ్మ పోతె ఆమె చేన్లనే సమాధి కట్టిండ్రు. కొన్నేండ్లకు ప్రాజెక్టు నీళ్లొచ్చినయి. ఊరు పోయింది, చేను పోయింది. ఊరోళ్లంత దర్వాజలు, దూలాలు, ఆఖరికి దేవుండ్లను గూడ బండ్ల మీద ఏసుకోని ఇవతలికొచ్చిండ్రు, కానీ సమాధిని ఎవరు తెస్తరు? అది నీళ్ల కిందనే ఉండిపోయింది.

పెత్రమాస నాడు మన దిక్కు చనిపోయినోళ్లకు పెట్టుకుంటం గదా. అందరు ఇంటికాడ పెట్టుకుంటె మా అవ్వకు మాత్రం తల్లి సమాధికి ఎదురుంగ ఇస్తారి పెడితెనే మనసు నిమ్మళమయ్యేది. కానీ పెత్రమాస నాటికి వానలు పడి నీళ్లు నిండుగుంటయి. ఒడ్డుకు నిలవడితె కంటికి ఆనినంత దూరం నీళ్లే, అండ్ల చేను ఎటున్నదో, సమాధి ఎటున్నదో ఎవరికెరుక? అవ్వ వండుకొచ్చిన బువ్వ, గారెలు, కూరలు ఇస్తార్ల పెట్టుకోని, రెండు చేతుల పట్టుకోని అటు తిరిగేది, ఇటు తిరిగేది. "ఎటు మొకం పెట్టాలె బిడ్డా" అని నన్నడిగేది. ఏటా గా మాటకు నాకు ఏడ్పొచ్చేది, ఏడ్పు ఎనకనే నీళ్ల మీద, కట్ట మీద, అందరి మీద కోపమొచ్చేది.

అప్పుడు నేను ఆర్మూర్ల ఒక స్టూడియోల పనికి ఉంటి. సేటు మంచోడు, ఐతారం నాడు పాత కెమెరా ఒకటి చేతికిచ్చేటోడు, రీలు మాత్రం నేనే తెచ్చుకోవాలె, రీలుకు పన్నెండు బొమ్మలు. నీళ్లు కిందికి దిగంగనే సైకిల్ మీద దొంకేశ్వర్ దాక పోయి, సైకిల్ ఎవరి దొడ్లనో పెట్టి, ఒడ్డు పట్టుకోని నడిచేటోన్ని. ఎవరేమనుకున్నా సరే, ఆ ఒడ్డును నేను చూసినట్టు ఇప్పటి డ్రోన్లు చూడలే. ఏటా ఒడ్డు మారేది. ఒక ఏడు బురద ఎండి పలకలు పలకలుగ పగిలేది, ఒక ఏడు ఇసుక మేటలు పడేది, నీళ్లల్లకు సాగిన నేల కొసకు తెల్ల కొంగలు వరుసగ నిలవడేటియి, మోకాళ్లెత్తు గడ్డిల గొర్లు మేసేటియి. పొద్దుగూకేటప్పుడు నీళ్లు పసుపు ఉడికే కడాయి రంగుకొచ్చేటియి. ఒక్క బొమ్మ కోసం గంటసేపు నిలవడితె చేపలోళ్లు నన్ను చూసి నవ్వుకునేటోళ్లు. నీళ్లు దిగిన కాడ బాయి ఒరలు, ఇండ్ల పునాదులు, ఎవరిదో రోలు బయటపడేటియి. ఆ ఒడ్డు అందానికి మస్తు సంబురమయ్యేది, ఆ రోలుల దంచిన చేతులు ఎవరియో యాదికొస్తె మళ్ల మనసు చెడిపోయేది.

మూడో ఎండకాలం సమాధి దొరికింది. బురదల నుంచి జానెడు పైకి తేలిన గద్దె, దీపం గూడు, పగిలిన మూల. ఆ మూలను చిన్నప్పుడు రాయి ఇసిరి పలగ్గొట్టింది మా అన్ననే, అవ్వ కట్టె పట్టుకోని ఉరికిచ్చింది. నేను గద్దె కాడి నుంచి పై ఒడ్డు దాక నడిచి, ఎన్ని వానలొచ్చినా మునగని జాగల ఒక తాడిచెట్టును చూసుకున్న. ఆ చెట్టు మొదట్ల నిలవడితె ఎదురుంగ సమాధి, సమాధి ఎనుక అవతలి ఒడ్డుకు రెండు గుట్టలు, ఆ గుట్టల నడుమ సందు. ఆ సందు దిక్కు చూస్తె సమాధి దిక్కు చూసినట్టే. పన్నెండు బొమ్మలు ఒడ్డు పొడుగునా తీసి, కడిగి, ఒక పొడుగు అట్ట మీద వరుసగ అతికిచ్చి, సమాధి కాడ సిరాతోని చుక్క పెట్టిన.

ఆ ఏడు పెత్రమాసకు అవ్వ తాడిచెట్టు కాడ నిలవడి అట్ట చూసుకున్నది, గుట్టల సందు చూసుకున్నది, అటే మొకం పెట్టి ఇస్తారి కింద పెట్టింది. తర్వాత తల్లి ఎదురుంగ కూసున్నట్టే మాట్లాడింది, ఇవతలి చేన్ల ఈ ఏడు పసుపు బాగ ఎదిగిందని, చిన్నోనికి ఇంక లగ్గం కాలేదని, పెద్దకోడలికి నెల తప్పిందని. నేను పక్కన నిలవడి ఇన్న. నా బతుకుల నేను తీసిన ఫొటోలల్ల పనికొచ్చినయంటె గా పన్నెండే.

తర్వాత మా దిక్కు ఇంటికొకడు పోయినట్టే నేనూ దుబాయి పోయిన. పోయేటప్పుడు ఆ అట్ట, నెగెటివులు అన్న చేతుల పెట్టి పైలం అన్నా అని చెప్పిన. అన్న పైలం చేసిండు. మా పసుపోళ్ల ఇండ్లల్ల పైలం అంటె ఒక్కటే పద్ధతి, ఇత్తనమైనా, పట్టుచీరైనా, భూమి కాయిదాలైనా గుడ్డల చుట్టి పసుపుల దాచుడే, చెదలు రావు, పురుగు రాదు. అన్న గూడ గట్లనే అట్టను, నెగెటివులను మెత్తటి ధోవతి ముక్కల చుట్టి, దంచిన పసుపు డబ్బాల నడిమిట్ల పెట్టి, కొట్టంల అటుక మీదికి ఎక్కిచ్చిండు. రెండు వానకాలాలకు పెంకల సందు నుంచి నీళ్లు కారి డబ్బాలకు పోయినయి. నేను సెలవుల మీద వచ్చి గుడ్డ ఇప్పితె నెగెటివులు ఒకదానికొకటి అతుక్కోని పచ్చటి ముద్దయినయి, ఊడదీస్తె బొమ్మ ఊడి గుడ్డకే అంటుకున్నది. అట్ట మీద పసుపు తప్ప ఏం లేదు.

అన్న నా మొకం చూసి, "ఇత్తనం దాచే కాడనే దాచిన తమ్మీ, అంతకంటె మంచి జాగ నాకు తెల్వది" అన్నడు. నేనేమన్ననో చెప్పుకుంటె ఇప్పటికీ సిగ్గయితది. చిన్నప్పుడు సమాధి గూడు పలగ్గొట్టినవు, ఇప్పుడు సమాధినే లేకుండ చేసినవు అన్న. అన్న లేచి కొట్టంలకు పోయిండు. ఆ దినం నుంచి ఒకే ఊర్ల ఉండి, పసుపు మార్కెట్ల ఎదురుపడి, మేమిద్దరం మాట్లాడుకోలే.

దుబాయి నుంచి పూర్తిగ వచ్చినంక మళ్ల ఎతికిన. తాడిచెట్టు గాలికి పడిపోయింది, గద్దెను ఒండ్రు కప్పేసింది, ఆ రెండు గుట్టలల్ల ఒకదాన్ని కంకర కోసం సగం తవ్వేసిండ్రు. గుట్టను తినెటోళ్లుంటరని నాకేం ఎరుక, లేకుంటె ఇంకో గుర్తు పెట్టుకుంటుంటి. అవ్వ ఆఖరి పెత్రమాసకు గూడ ఇస్తారి పట్టుకోని ఒడ్డుకు నిలవడి అటు ఇటు తిరిగింది. ఇంక తిరగలేక కింద పెట్టి, ఎటున్నా నా తల్లి తింటది తియ్యి అన్నది. నన్ను ఒక్క మాట అనలే, అన్నను అనలే. అనేటియన్ని నేనే అన్న. ఆమె పోయినంక, అన్న పేరెత్తాల్సొస్తదని ఆ ముచ్చటే ఇంట్ల ఎత్తలే. గందుకే నా కొడుకు ఏం తెల్వక ఆ పిల్లను గద్దె ఎక్కిచ్చిండు. తప్పు వానిది కాదని నాకెరుకే, కానీ కోపానికి ఎరుకతోని పనేమున్నది.

తెల్లారి ఇద్దరం ఒడ్డుకు పోయినం. కప్పిన ఒండ్రు వరదలకు కొట్టుకపోయి గద్దె మళ్ల పైకి తేలింది, దాని సుట్టు సీసాలు, కాయిదం ప్లేట్లు, కారు టైర్లు దున్నినట్టు తిరిగిన గుర్తులు. నేను తిట్టుకుంట ఏరిన, కొడుకు బకెట్‌తోని నీళ్లు తెచ్చి గద్దె కడిగిండు, గూట్ల మట్టి తీసిండు. వీడియోల నుంచి ఆ ముక్క తీసేసిన్నని, పిల్లోళ్లింటికి పోయి సముదాయించిన్నని అప్పుడు చెప్పిండు. తర్వాత ఫోన్ తీసి జాగ గుర్తు పెట్టుకున్నడు, ఇంక నీళ్లొచ్చినా ఫికర్ లేదు బాపూ, ఒడ్డుకు నిలవడితె ఇదే దిక్కు చూపిస్తది అన్నడు. దానికి గూడ నాకు కోపమే వచ్చింది. మూడు ఎండకాలాలు కాళ్లు కాలంగ తిరిగి తెచ్చిన దిక్కు, వాడు రెండు చేతి ఏళ్లతోని జేబుల ఏసుకున్నడు. ఈ సౌలతు మా అవ్వ బతికుండంగ ఎందుకు రాలే?

పెత్రమాస వచ్చింది. పొద్దుగాల అన్న ఇంటి ముందు పోయి నిలవడ్డ. అన్నకు ఇప్పుడు కండ్లు సరిగ ఆనవు, గొంతు పట్టే మనిషిని గుర్తుపడుతడు. సమాధి దొరికింది, నడువు, అమ్మమ్మకు పెట్టొద్దాం అని చెప్పిన. అన్న అంగీ ఏసుకోని ఎంటొచ్చిండు.

నీళ్లు నిండుగున్నయి. తాడిచెట్టు లేదు, గుట్ట సగమే ఉన్నది, అవ్వ లేదు. నా కొడుకు ఫోన్ చూసుకుంట జర ఎడమకు జరగమన్నడు, ఇంకో నాలుగడుగులన్నడు, ఆగమన్నడు. అన్న ఇస్తారి రెండు చేతుల పట్టుకోని, అచ్చం అవ్వ నిలవడ్డట్టే నిలవడి, "ఎటు మొకం పెట్టాలె తమ్మీ" అని అడిగిండు. అన్నేండ్లు అనాలని దాచుకున్న మాటలన్ని నోటిదాక వచ్చినయి. అన్న భుజాలు పట్టుకోని సమాధి దిక్కు తిప్పిన. అన్న ఇస్తారి కింద పెట్టి, గూడు పలగ్గొట్టింది నేనే అమ్మమ్మా అని నీళ్లతోని చెప్పుకున్నడు.

ఇప్పుడు దిక్కు చూపియ్యనీకి ఫోన్లున్నయి, ఒడ్డును చూడనీకి డ్రోన్లున్నయి, ఎటు తిరగాలని అడిగిన అవ్వనే లేదు. గుట్టను తవ్వినోళ్ల మీద, సీసాలు పారేసినోళ్ల మీద నా కోపం పోలే, పోదు గూడ. అన్న మీదిది ఎంత పోయిందో ఎంత మిగిలిందో చెప్పలేను. కానీ ఇంటికొచ్చినంక ఒకటి తట్టింది. అన్న చిన్నప్పుడు ఆ మూల పలగ్గొట్టకపోతె, టీవీల ఆ గద్దెను నేను గుర్తుపట్టకపోతుంటి. ఆ మాట అన్నకు ఇంక చెప్పలే. రేపు పొద్దుగాల పోయి చెప్పాలె.